40 ఎంఎం సెమీ స్లిక్ గ్రావెల్ టైరు: నా గొడవంతా సైడ్‌వాల్‌తోనే

మధ్యలో దాదాపు నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలతో వచ్చే 700x40 ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబ్ ఉండని) సైకిల్ టైరు ఇది. తారు, కంకర కలిసిన రేసులకు ఇలాంటిదే వేసుకోమని అడిగినవాళ్లందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పటికీ చెబుతాను. కానీ పల్చటి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) రకం వెనక చక్రానికి మాత్రం వద్దంటాను. ఈ సమీక్ష రాస్తున్నదే ఆ ఒక్క మాట కోసం.

పరుగు గురించి ఫిర్యాదు లేదు. కేసింగ్ (రబ్బరు కింద ఉండే టైరు గుడ్డ పొర) మెత్తగా ఉండటంతో చిన్న రాళ్లను టైరే మింగేస్తుంది, సైకిల్‌నీ మనల్నీ ఎగరేయదు. గాలి ఎంత గట్టిగా ఉంటే అంత వేగం అనే మాట నున్నటి తారు మీద కొంతవరకు నిజమే. గరుకు రోడ్డు మీద మాత్రం ఆ ఎగిరిపడటంలోనే మన శక్తి వృథా అవుతుంది. నా బరువు 70 కిలోలు. గాలి ఒత్తిడి ముందు 30, వెనక 33 పీఎస్ఐ పెడతాను. తారు మీద కూడా బరువుగా లాగుతున్నట్టు అనిపించదు.

ఇక అసలు సంగతి. రేసులో కంకర దిగుడు, గుంపు మధ్యలో ఉన్నాను. ముందువాళ్లు లేపిన దుమ్ములో చక్రం కింద ఏముందో కనిపించదు. వెనక టప్‌మని చప్పుడు, వెంటనే బుస్సుమని గాలి, పిక్కల మీద సీలెంట్ (రంధ్రాలు మూయడానికి టైరు లోపల పోసే ద్రవం) చిమ్మింది. ఆగి చూస్తే రిమ్‌కీ గుబ్బలకీ మధ్య వేలి గోరంత కోత. ముల్లు గుచ్చుకున్న చిన్న రంధ్రమైతే సీలెంట్ తనంతట తానే మూసేసేది. ఇది సైడ్‌వాల్. చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడ టైరు వంగుతుంది, కోత నోరు తెరుస్తుంది. కోతలోకి ప్లగ్ (రంధ్రం పూడ్చే జిగురు రబ్బరు ముక్క) దూర్చి గాలి కొట్టాను, కొంచెం దూరం పోయేసరికి ఊడిపోయింది. రెండు ప్లగ్‌లు పక్కపక్కనే పెట్టినా అదే వరస.

చివరికి ట్యూబ్ వేయక తప్పలేదు. ట్యూబ్ వేసే ముందు టైరు లోపల వేలితో తడిమితే ఎన్ని ముళ్లు తగిలాయో! ఒక్కొక్కటీ ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియనే లేదు, సీలెంట్ చప్పుడు కాకుండా మూసేస్తూ వచ్చింది. వాటిని అలాగే వదిలేస్తే కొత్త ట్యూబ్ నిమిషం నిలవదు. సీలెంట్‌తో జిగటపట్టిన వేళ్లతో, మొనలు పట్టుకుని ఒక్కోటీ లాగాను. కోతకు లోపలివైపు పాత టైరు ముక్క ఆనించి, ట్యూబ్ వేసి, మినీ పంపుతో గాలి కొట్టి బయల్దేరాను. గుంపు మళ్లీ కనిపించలేదు. ట్యూబ్‌లెస్ వాడేవాళ్లు ఈ ముళ్ల సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

తర్వాత అదే మోడల్లో సైడ్‌వాల్‌కి అదనపు పొర ఉన్న రకం తెచ్చి వెనక వేశాను. బరువు కొంచెం ఎక్కువ, గరుకు మీద కాస్త బిర్రుగా అనిపిస్తుంది. ఒకటి రెండు పీఎస్ఐ తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. తారు మీద తేడా నాకైతే తెలియలేదు. ముందు చక్రానికి పల్చటిదే ఉంచాను. మన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది, పైగా ముందు చక్రాన్ని రాయి పక్కనుంచి తిప్పుకోగలం, వెనకది తన దారిన తను వస్తుంది. కొత్త టైరు పక్కల మీద రాళ్లు గీకిన గుర్తులు చాలా ఉన్నాయి. ఒకచోట దారాలు కూడా కనిపిస్తున్నాయి. కోత మాత్రం ఇంతవరకు పడలేదు.

మలుపుల్లో పట్టు గురించి మొదట్లో తెగ పొగిడాను. కొత్తలో అది నిజమే. మధ్యభాగం అరిగి చదునయ్యాక సైకిల్ వంచినప్పుడు టైరు గుబ్బల మీదికి ఒక్కసారిగా దిగుతుంది, ఆ క్షణం గుండె ఝల్లుమంటుంది. గట్టి నేల మీద వదులు కంకర పరిచిన చోట, సగం వంపులో ఉన్నప్పుడు, నున్నటి భాగం జారుతుంది, గుబ్బలేమో ఇంకా నేలకు ఆనవు.

టైరు ఎంచుకునేటప్పుడు అందరూ ట్రెడ్ (నేలకు తగిలే భాగం) దగ్గరే ఆగిపోతారు. నేనైతే ముందు రాళ్ల సంగతి అడుగుతాను. ఇటలీలో 2007 నుంచి జరుగుతున్న స్ట్రాడే బియాంకె రేసులో తెల్లటి మట్టి కంకర, అక్కడ ప్రొఫెషనల్స్ సన్నటి రోడ్డు టైర్లతోనే పోతారు. అమెరికాలో కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లో జరిగే అన్‌బౌండ్ రేసులో రాళ్లు చెకుముకి రాళ్లు, కత్తిలా కోస్తాయి. రెండూ గ్రావెల్ (కంకర) దారులే, కానీ ఒకే టైరు రెండింటికీ సరిపోతుందంటే నేను నమ్మను.

నేను వెళ్లే రేసుల్లో సగానికి పైగా తారే, కంకర గుండ్రంగా కాకుండా పగలగొట్టిన రకం. నా బరువుకీ ఆ దారులకీ ముందు పల్చటిది, వెనక మందంది కుదిరింది. ఇంకా తేలిగ్గా ఉండేవాళ్లు, లేదా మెత్తటి మట్టిదారులే ఉన్నవాళ్లు రెండు వైపులా పల్చటిదే వేసుకున్నా ఏమీ కాకపోవచ్చు. ఫ్రేములో ఖాళీ మాత్రం కొలుచుకోండి, 25 ఎంఎం లోపలి వెడల్పున్న నా రిమ్ మీద ఈ 40 కాస్తా దాదాపు 42 అయింది. వాన పడి బురదయ్యే దారులైతే ఈ టైరు వైపే చూడొద్దు, నున్నటి మధ్యభాగం బురదలో అసలు పట్టదు.