లూప్‌లో ఇఫ్ మొరాయిస్తే: ప్రింటా, పీడీబీయా?

వందకు వంద తెచ్చుకున్న అమ్మాయి ఫెయిల్, 4 మార్కులొచ్చిన అబ్బాయి పాస్. పదో తరగతి మార్కుల ఫైలు మీద నేను రాసిన బుల్లి పైథాన్ స్క్రిప్టు తేల్చిన ఫలితం ఇది. ఉన్నది ఒక ఫర్ లూప్ (ప్రతి వరసకూ అదే పని మళ్లీ చేసేది), లోపల ఒక ఇఫ్ షరతు: మార్కు 35 కంటే తక్కువైతే పేరును ఫెయిల్ జాబితాలో వెయ్యి. ఇందులో తప్పు ఎక్కడ దూరుతుంది?

అందరూ చేసే పనే నేనూ చేశాను, ఇఫ్‌కు ముందు ఒక ప్రింట్ పడేశాను. తెర మీద 100 అని వచ్చింది, పక్కనే 35. ఏ లోపమూ కనబడలేదు. నిజానికి ఆ రెండూ సంఖ్యలు కావు, స్ట్రింగులు, అంటే కొటేషన్లలో ఉండే ఉత్త అక్షరాలు. ఒకటి సీఎస్‌వీ ఫైలు నుంచి వచ్చింది, రెండోది ఇన్‌పుట్‌తో అడిగి తీసుకున్నది. స్ట్రింగులను పైథాన్ నిఘంటువు వరసలో పోలుస్తుంది. 3 కంటే 1 ముందు వస్తుంది కాబట్టి 100 చిన్నదైపోయింది, 4 పెద్దదైపోయింది. ప్రింటేమో కొటేషన్ గుర్తులు ఒలిచేసి చూపిస్తుంది, ఇక దొంగ దొరికేదెలా?

అదే చోట బ్రేక్‌పాయింట్ పెట్టి ఉంటే (2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి దీనికి ఇంపోర్ట్ కూడా అక్కర్లేదు) స్క్రిప్టు అక్కడ ఆగి పీడీబీ, అంటే పైథాన్‌తోపాటే వచ్చే తప్పులు వెతికే పనిముట్టు, తెరుచుకునేది. పీ అని కొట్టి వేరియబుల్ పేరిస్తే విలువను కొటేషన్లతో సహా చూపిస్తుంది. అయితే ప్రింట్‌కూ ఆ కన్ను పెట్టొచ్చు. పైథాన్ 3.8 నుంచి ఎఫ్-స్ట్రింగ్ (కొటేషన్‌కు ముందు ఎఫ్ అక్షరం పెట్టి రాసేది) బ్రాకెట్లలో వేరియబుల్ పేరు తర్వాత సమానం గుర్తు పెడితే పేరూ, కొటేషన్లతో విలువా రెండూ పడతాయి. ఉత్త ప్రింట్ వాడకం నేను అప్పుడే మానేశాను.

ఇంకో రకం తప్పు చూడండి. జాబితాలో 28, 31, 76, 40 ఉన్నాయి. లూప్ తిరుగుతూనే 35 లోపు వాటిని అదే జాబితా నుంచి రిమూవ్ చేస్తున్నాం. చివరికి 31 మిగిలిపోతుంది. ఇక్కడ ప్రింటే మేలు. లూప్ మొదటి లైనులో పెడితే 28, 76, 40 అని వరసగా పడతాయి, 31 వంతు రానేలేదని ఇట్టే తెలుస్తుంది. 28 పోగానే 31 దాని చోటికి జరిగింది, లూప్ మాత్రం రెండో గడికి వెళ్లిపోయింది. పీడీబీని ఇఫ్ లోపల పెట్టుకుంటే ఒక్కసారే ఆగుతుంది, రాని దాన్ని ఎలా చూపిస్తుంది? ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతే తెలుస్తుంది గానీ, అంత ఓపిక ఎవరికుంది?

వేల వరసల ఫైలైతే లెక్క తిరగబడుతుంది. ప్రింట్ తెర నిండా వాన కురిపిస్తుంది. పీడీబీలో బీ, లైను నంబరు, కామా, షరతు ఇస్తే ఆ షరతు కుదిరినప్పుడే ఆగుతుంది. స్క్రిప్టు ఎర్రర్‌తో కూలితే పీడీబీ కిందే నడపండి, కూలిన చోటే నిలబెట్టి ఆ క్షణం చేతిలో ఉన్న వరసను చూపిస్తుంది. ఈ పనిలో ప్రింట్ దాని దరిదాపులకు రాలేదు.

ఒక చిరాకు మాత్రం ఉంది. మీ వేరియబుల్ పేరు ఎన్ అనుకోండి, విలువ చూద్దామని ఎన్ కొడితే పీడీబీ దాన్ని నెక్స్ట్ అనుకుని తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. సీ కొడితే ఇంకా ఘోరం, కంటిన్యూ అనుకుని పరుగే. ముందు పీ చేర్చండి.

మరిచిపోయిన ప్రింట్ లాగ్‌ను పాడుచేస్తుంది, అంతే. మరిచిపోయిన బ్రేక్‌పాయింట్ క్రాన్‌లో (చెప్పిన వేళకు స్క్రిప్టులను తనంతట తానే నడిపేది) రాత్రిపూట నడిచే స్క్రిప్టును అక్కడే కూల్చేస్తుంది, కమాండు ఇవ్వడానికి అక్కడ ఎవరూ ఉండరు కదా. అందుకే నా క్రాన్‌లో పైథాన్‌బ్రేక్‌పాయింట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (స్క్రిప్టు బయట పెట్టే సెట్టింగు) 0 ఇచ్చి ఉంచాను, దాంతో బ్రేక్‌పాయింట్ ఎక్కడున్నా పైథాన్ ఆగదు.