పెద్ద రేటింగ్ ఆటగాడు ఎదురైతే... ట్రాప్, గాంబిట్, క్వీన్ల మార్పిడి: ఏది మేలు?

చెస్‌లో మీకంటే 200 రేటింగ్ పాయింట్లు ఎక్కువున్న ఆటగాడితో 100 గేములు ఆడితే, ఎలో లెక్క (ఆటగాడి బలాన్ని అంకెల్లో చూపే రేటింగ్ పద్ధతి) ప్రకారం మీకు 24 పాయింట్ల దాకా రావాలి. డ్రాలకు వచ్చే అర పాయింట్లు కూడా అందులోనే ఉంటాయి. తేడా 400 అయితే ఆ 24 కాస్తా పదిలోపుకు పడిపోతుంది. అంటే చిన్న రేటింగ్ వాళ్లు గెలవడం వింతేమీ కాదు, లెక్కలోనే దానికి చోటుంది. ఆ గెలుపు ఏ దారిలో వస్తుందన్నదే అసలు ప్రశ్న. క్లబ్బుల్లో, టోర్నమెంట్లలో ఎక్కువగా మూడు దారులు కనిపిస్తాయి. నాలుగోది ఒకటుంది. నా ఓటు దానికే.

మొదటి దారి ట్రాప్, అంటే తప్పు ఎత్తు వేయించే ఉచ్చు. ఎంగ్లుండ్ గాంబిట్‌నే తీసుకోండి. తెలుపు డి4 (అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది) ఆడగానే నలుపు ఇ5 అంటూ బంటును ఊరికే ఇచ్చేస్తుంది. తెలుపు దాన్ని తీసుకుంటుంది. నలుపు గుర్రం సి6కి, తెలుపు గుర్రం ఎఫ్3కి వస్తాయి. నలుపు క్వీన్ ఇ7కి చేరితే, బంటును కాపాడుకోవడానికి తెలుపు బిషప్ ఎఫ్4కి వస్తుంది. అప్పుడు క్వీన్ బి4లో చెక్ ఇస్తుంది, బిషప్ డి2కి తగ్గుతుంది, క్వీన్ బి2 బంటును కొట్టేస్తుంది. ఇక్కడ తెలుపు చేయి బిషప్‌ను సి3కి జరపాలని ఉబలాటపడుతుంది, క్వీన్‌ను తరిమినట్టు ఉంటుంది కదా అని. జరిపితే పని అయిపోయినట్టే. నలుపు బిషప్ బి4కి వచ్చి పిన్ చేస్తుంది (సి3 బిషప్ పక్కకు తప్పుకుంటే వెనకున్న రాజుకు చెక్ పడుతుంది), తెలుపు క్వీన్ డి2లో అడ్డం నిలబడుతుంది, బిషప్‌లు మారతాయి. సి3లో క్వీన్‌తో తిరిగి కొడితే సి1లో మేట్ (రాజు తప్పించుకోలేని చెక్). గుర్రంతో కొడితే మూలనున్న రూక్ పోతుంది.

చూడ్డానికి అద్భుతం. కానీ తెలుపు బిషప్‌కు బదులు గుర్రాన్ని సి3కి తెస్తే? నలుపు క్వీన్ ఎదుటి శిబిరంలో ఒంటరిగా చిక్కుకుంటుంది. రూక్ బి1కి వచ్చి దాన్ని తరుముతుంది, గుర్రం డి5కి దూకి సి7 మీద కన్నేస్తుంది. పదో ఎత్తుకే నలుపు ఆట కష్టాల్లో పడుతుంది. ఆ ఒక్క ఎత్తు తెలిసినవాడి ముందు ట్రాప్ మొత్తం వృథా. పెద్ద రేటింగ్ వాళ్లలో అది తెలిసినవాళ్లే ఎక్కువ. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో సరదాకి ఆడుకోవచ్చు, అంతే. టోర్నమెంట్ గేమ్‌లో దీన్ని నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను.

ట్రాప్‌నీ ఆశ్చర్యపరచడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో ప్రపంచ చాంపియన్ అనతోలీ కార్పోవ్ మొదటి ఎత్తుగా ఇ4 ఆడితే ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్ ఎ6 అన్నాడు. ఆ తర్వాత బి5. బిషప్‌ను పొడవాటి కర్ణం మీద నిలిపి ఆడి చివరికి గెలిచాడు. అందులో ట్రాప్ ఏమీ లేదు. కార్పోవ్ కంఠతా పట్టిన వేరియేషన్లు (ముందే తెలిసిన ఎత్తుల వరసలు) ఆ రోజు అక్కరకు రాలేదు, అంతే. ఇద్దరూ సొంతంగా ఆలోచించుకోవాల్సిన ఆట అయింది.

రెండో దారి అసలైన గాంబిట్: బంటునో పావునో ఇచ్చి, బదులుగా దాడి చేసే చొరవ తీసుకోవడం. 1918లో న్యూయార్క్‌లో అమెరికా ఆటగాడు ఫ్రాంక్ మార్షల్ రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లో డి5 తోసి, ఇ5 బంటును తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన కాపబ్లాంకాకు వదిలేశాడు. ఆ దాడి కాపబ్లాంకాకు కొత్త. నిబ్బరంగా ఒక్కో బెదిరింపునూ కాచుకుని ఆయనే గెలిచాడు. ఈ కథ విని గాంబిట్లు దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అదే మార్షల్ అటాక్‌లో ఎఫ్6కి గుర్రాన్ని వెనక్కి తీసే బదులు సి6 ఆడటం వచ్చాక, ఈ రోజుకీ గ్రాండ్‌మాస్టర్లు దాన్ని ధైర్యంగా ఆడుతున్నారు. ఎదుటివాడికి అంతా తెలిసినా నలుపుకు దాడి మిగులుతుంది. తెలిసిపోతే చచ్చిపోయే ఎత్తుగడకూ, తెలిసినా పనిచేసేదానికీ తేడా ఇదే.

అయితే గాంబిట్‌లో ఒక ప్రమాదం ఉంది. ఆటను చిక్కుముడి చేస్తే బలవంతుడు తడబడతాడని మనం అనుకుంటాం. క్లబ్ స్థాయిలో రేటింగ్ తేడా అంటే చాలావరకు ట్యాక్టిక్స్ (ముందు ఎత్తులు లెక్కగట్టి వేసే చిన్న యుక్తులు) తేడానే. అతను నాలుగు ఎత్తులు ముందుకు చూస్తుంటే మీరు రెండే చూస్తున్నారనుకోండి, చిక్కు పెరిగే కొద్దీ లాభం అతనిదే. కాబట్టి ఆ చిక్కు మీకు తెలిసినదై ఉండాలి. ఇంట్లో కూర్చుని, పావులు ఎటు పోతాయో, ఏ గడిలో బలివ్వాలో, దాడి ఆగిపోతే ఏ ఎండ్‌గేమ్ (పావులు తగ్గిపోయాక వచ్చే చివరి దశ) మిగులుతుందో చూసుకున్న పొజిషన్ అయితే బంటు ఇవ్వండి. బోర్డు ముందు కూర్చున్నాక పుట్టిన ధైర్యంతో మాత్రం ఇవ్వకండి.

మూడో దారికి వస్తే, దొరికిన పావునల్లా మార్చేసుకోవడం. క్వీన్లు వెళ్లిపోతే మేట్ భయం ఉండదు, డ్రా దొరకొచ్చు అన్న ఆశ. దీనికి అందరూ చూపే సాక్ష్యం 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్. రష్యా ఆటగాడు క్రామ్నిక్ నల్ల పావులతో బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడి, ఎనిమిదో ఎత్తుకే క్వీన్లను బోర్డు మీంచి దింపేశాడు. అప్పటి చాంపియన్ కాస్పరోవ్ ఒక్క గేమూ గెలవలేక 8.5-6.5తో కిరీటం పోగొట్టుకున్నాడు. సాక్ష్యం గట్టిదే, కానీ క్లబ్ ఆటగాడికి అది అతకదు. ఎండ్‌గేమ్‌లో క్రామ్నిక్ ఎవరికీ తీసిపోడు. తనకు పట్టున్న చోటికే కాస్పరోవ్‌ను లాక్కెళ్లాడు. మన సంగతి అలా కాదు. క్వీన్లు పోయాక ఆట నలభై చిన్న చిన్న నిర్ణయాలుగా సాగుతుంది. రాజును ఎటు నడపాలి, ఏ బంటును ఎప్పుడు తోయాలి, ఏ రూక్‌ను మార్చుకోవాలి... ప్రతి దగ్గరా అతను మీకంటే కాస్త మెరుగు. ఆ కాస్త కాస్తా పోగుపడి ఓటమి అవుతుంది. పెద్ద పొరపాటేమీ చేయలేదే, ఎలా ఓడిపోయానని తల పట్టుకునే గేములు ఎక్కువగా ఇలాంటివే. నా లెక్కలో ఈ దారి అన్నిటికంటే వెనక ఉంటుంది.

ఇక నాలుగోది. పావులను బోర్డు మీదే ఉంచి, రాజును త్వరగా కోటలో పెట్టి (కాస్లింగ్ చేసి), ఏమీ పారేసుకోకుండా, తొందరపడకుండా కాచుకోవడం. పిరికితనంగా కనిపిస్తుంది గానీ కాదు. మీతో డ్రా చేసుకుంటే రేటింగ్ తగ్గేది అతనికి. గెలిచి తీరాలన్న టెన్షన్ అంతా అతని వైపే. సమానంగా ఉన్న పొజిషన్‌ను అతను సమానంగా ఉంచలేడు. తన రాజు ముందున్న బంటును తోస్తాడు, మంచి మార్పిడిని కాదంటాడు, ఒక పావును కాపలా లేకుండా వదిలేస్తాడు. ట్యాక్టిక్ పుట్టేది సరిగ్గా అక్కడే.

ఒకటి దగ్గరగా చూద్దాం. మీవి తెల్ల పావులు, బిషప్ డి3లో ఉంది. అతని రాజు జి8లో కోట కట్టుకుంది. ఎఫ్6లో ఉండాల్సిన గుర్రం డి7కి తగ్గింది. బి6 ఆడాడు గానీ సి8 బిషప్‌ను ఇంకా కదపలేదు. మీ క్వీన్ ఇ4లో దిగితే ఏమవుతుంది? హెచ్7 దగ్గర మేట్ బెదిరింపు. అదే సమయంలో పొడవాటి కర్ణం చివర ఎ8లో రూక్ ఉంది, మిగతా పావులకూ దానికీ మధ్య సి8 బిషప్ అడ్డం, కాబట్టి కాపలా లేదు. గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి మేట్ ఆపుకుంటాడు, మీరు రూక్ తీసుకుంటారు. ఎ8కి వెళ్లే ముందు మీ క్వీన్‌కు బయటపడే దారుందో లేదో మాత్రం చూసుకోండి. ఇది కనిపెట్టడానికి మేధావి కానక్కర్లేదు. అతను ఎత్తు వేసిన ప్రతిసారీ, ఏ పావుకు కాపలా పోయింది, నాకు ఏ చెక్ ఉంది అని అడిగే అలవాటుంటే చాలు.

2025 జూన్‌లో నార్వే చెస్‌లో గుకేశ్ కార్ల్‌సన్‌ను ఓడించింది ఇలాంటి ఓపికతోనే. గుకేశ్ అప్పటికి ప్రపంచ చాంపియనే అయినా రేటింగ్‌లో నంబర్ వన్ కార్ల్‌సనే. గేమ్‌లో చాలాసేపు కార్ల్‌సన్‌దే పైచేయి. గుకేశ్ కూలిపోకుండా, ప్రతి ఎత్తుకూ ఏదో ఒక అడ్డంకి పెడుతూ పోయాడు. గడియారం ఒత్తిడిలో కార్ల్‌సన్ పెద్ద పొరపాటు చేశాడు, గేమ్ తిరగబడింది. ఆ తర్వాత కార్ల్‌సన్ బల్ల మీద గుద్దిన గుద్దు ప్రపంచమంతా చూసింది.

ఈ దారికి గడియారంలో నిమిషాలు మిగలాలి. భయంతో ఓపెనింగ్‌లోనే సమయమంతా ఖర్చు చేసేవాళ్లు, ఆ ఒక్క అవకాశం వచ్చేసరికి సెకన్ల మీద ఆడుతుంటారు. తెలిసిన ఓపెనింగ్ ఆడమనేది అందుకే. ఆదా అయిన నిమిషాలు ఆట మధ్యలో పనికొస్తాయి.

డ్రా సంగతి కూడా చెప్పాలి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో కే విలువ (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత మారగలదో చెప్పే అంకె) 20 ఉన్న ఆటగాడు 200 పాయింట్లు పైనున్నవాడితో గెలిస్తే సుమారు 15 పాయింట్లు వస్తాయి, డ్రా అయితే 5, ఓడితే పోయేది కూడా 5 లోపే. రేటింగ్ కోసమే ఆడుతుంటే, ముందున్న పొజిషన్ కష్టంగా ఉన్నప్పుడు డ్రా తీసుకోవడం తెలివైన పనే. కానీ మీకంటే పైనున్నవాడు తనంతట తాను డ్రా కోసం చేయి చాచాడంటే చాలాసార్లు తన పొజిషన్ తనకే నచ్చలేదని అర్థం. క్వీన్లు బోర్డు మీదే ఉండి, అతని రాజు ముందు బంట్లు కదిలి, మీ గడియారంలో సమయం ఉంటే ఆ చేయి అందుకోకండి, ఆడండి.