విశాఖలో ఎయిర్ పిస్టల్ శిక్షణ: 8 నెలల తర్వాత నా అభిప్రాయం

పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచినప్పటి నుంచి పదమూడేళ్ల మా అమ్మాయి తానూ నేర్చుకుంటానని పట్టుబట్టింది. తుపాకీ అన్న మాటకే మా అత్తగారు భయపడే ఇల్లు కనుక, విశాఖలోని ఈ శిక్షణ కేంద్రానికి ముందుగా రెండు సాయంత్రాలు వెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని, పిల్లలకు గురి కంటే ముందు ఏం నేర్పుతున్నారో గమనించాను. చేర్పించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి పదిహేను రోజులు మా అమ్మాయికి ఒక్క పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వాడే చిన్న గుండు) కూడా ఇవ్వలేదు. గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంచడం, చూపు కుదిరే వరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం, పిస్టల్ బల్ల మీద పెట్టగానే గొట్టం పొడవునా అది ఖాళీగా ఉందని చూపే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చడం, ఇవే రోజూ చేయించారు. ఒకరోజు ఒక అబ్బాయి చేతిలో పిస్టల్‌తోనే వెనక్కి తిరిగి తండ్రిని పిలిచాడు. కోచ్ గారు ఆ క్షణంలోనే అందరి షూటింగ్ ఆపించి, పిస్టల్ తీసుకుని, వారం రోజులు అతన్ని వెనక కూర్చోబెట్టారు. ఖాళీ పిస్టలే కదా అని ఆ తండ్రి వాదించినా ఆయన మెత్తబడలేదు. నేను ఫీజు కట్టింది ఆ రోజే.

సామగ్రి విషయంలో పెద్దగా లోటు లేదు. పిస్టళ్లు పార్దిని, మోరిని కంపెనీలవి. గాలి సిలిండర్ల మీది గడువు తేదీలు అడగగానే చూపించారు. మన ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో విశాఖలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఇక్కడ ప్రతి సాయంత్రం నూనె గుడ్డతో తుడిచాకే లోపల పెడతారు.

అయితే పెట్టే చోటు దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. మా తమ్ముడు జర్మనీలో ఉద్యోగం చేస్తూ అక్కడి షూటింగ్ క్లబ్బులో సభ్యుడయ్యాడు. నేను ఫోన్‌లో కోచ్ గురించి మెచ్చుకుంటుంటే, "ఆయుధాలు ఎక్కడ దాస్తున్నారో చూశావా అక్కా?" అని అడిగాడు. అక్కడ లైసెన్స్ కావాల్సిన తుపాకీ కొనాలంటే క్రీడాకారుడు కనీసం 12 నెలలు క్రమంగా సాధన చేసి ఉండాలి, సాధారణంగా 25 ఏళ్ల లోపువారు మొదటి తుపాకీకి మానసిక అర్హత పత్రం తేవాలి, కొన్నాక ప్రమాణాలకు సరిపడే ఉక్కు బీరువాలో దాచాలి, అధికారులు వచ్చి అడిగితే చూపించాలి. 2009లో అక్కడి వినెండెన్ పట్టణంలో పదిహేడేళ్ల కుర్రాడు 15 మందిని చంపింది తండ్రి పడకగదిలో తాళం లేకుండా ఉంచిన పిస్టల్‌తోనే. ఆ తండ్రి కూడా షూటింగ్ క్లబ్బు సభ్యుడే. ఆ తర్వాతే తనిఖీ నిబంధన కఠినమైంది. లైసెన్స్ అక్కరలేని ఎయిర్ గన్‌ను సైతం అక్కడ తాళం వేసి ఉంచాలి. స్విట్జర్లాండ్‌లో సైనిక సేవ చేసేవారు రైఫిల్‌ను ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ, 2007 తర్వాత తూటాలను ఇంటికి ఇవ్వడం ఆపేశారు. ఆయుధాన్నీ దాని మందుగుండునూ విడదీయడంలోని ఆ వివేకం నాకు ఎంతో నచ్చింది.

మన 2016 ఆయుధ నియమాల ప్రకారం పెల్లెట్ బయటికి వచ్చే శక్తి 20 జౌల్స్‌కు, గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలకు మించని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కరలేదు. చట్టం అంతగా పట్టించుకోని చోట శిక్షణ కేంద్రమే ఆ బాధ్యత తీసుకోవాలి. ఇక్కడ నేను చూసింది ప్లైవుడ్ అల్మరా, పక్కనే మేకుకు వేలాడే తాళంచెవి, పిస్టళ్ల కిందే పెల్లెట్ డబ్బాలు. సొంత పిస్టల్ కొనమని తల్లిదండ్రులకు సలహా ఇస్తారు గానీ, ఇంట్లో ఎలా భద్రపరచాలో ఒక్క మాటైనా చెప్పరు. ఇది చిన్న లోపమని నేను అనుకోను.

నిర్వాహకులతో చెప్పాను. వారు నొచ్చుకోకుండా విని, మూడు వారాల్లో ఇనుప బీరువా తెప్పించారు. తాళంచెవి ఇప్పుడు కోచ్ గారి దగ్గరే ఉంటోంది. పెల్లెట్లు మాత్రం ఇంకా అందులోనే ఉన్నాయి. పార్కింగ్ ఇరుకు, వేసవిలో హాలు ఉక్కపోత, అవి భరించదగ్గవే. వచ్చే మూడు నెలల ఫీజు కట్టాను, రసీదు తీసుకుంటూ పెల్లెట్లకు వేరే పెట్టె గురించి మళ్లీ అడిగాను. నెలాఖరులోగా తెస్తామన్నారు, తెచ్చాక ఈ సమీక్షలోనే ఆ సంగతి చేరుస్తాను.