"కొత్తగా బెడ్డింగ్ చేయించాం" అంటూ అమ్మే మ్యాగ్నమ్ రైఫిళ్లతో జాగ్రత్త

అమెరికాలో ఎల్క్ (పెద్ద జింక) వేట కోసం పాత .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ రైఫిల్ కొనబోతున్న మనవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. బెడ్డింగ్ అంటే రైఫిల్ లోహపు భాగం స్టాక్‌లో (చెక్క లేదా ప్లాస్టిక్ పిడిలో) కదలకుండా కూర్చునేలా ఎపాక్సీ జిగురుతో గుంటను సరిచేయడం. "ఇప్పుడే బెడ్డింగ్ అయింది, మా హ్యాండ్‌లోడ్లతో (చేత్తో నింపుకున్న తూటాలతో) వంద గజాల్లో అరంగుళం గ్రూప్" అని టార్గెట్ కాగితం చూపించి అమ్మిన రైఫిల్ ఒకటి మా ముందుకొచ్చింది. గ్రూప్ అంటే కాగితం మీద గుళ్లు ఎంత దగ్గరగా పడ్డాయన్న కొలత. కాగితం మీద ఉన్నవి మూడే గుళ్లు. మూడు గుళ్లు దగ్గరగా పడటం రైఫిల్ గొప్పతనమే కానక్కర్లేదు. అదే రైఫిల్ అయిదు గుళ్లకు రెండంగుళాలు దాటింది.

స్టాక్ విప్పితే సంగతి బయటపడింది. రీకాయిల్ లగ్ (కాల్చినప్పటి వెనక్కి తన్నుడును స్టాక్‌కు అందించే లోహపు దిమ్మ) చుట్టూ, అడుగున కూడా ఎపాక్సీ బిగుసుకుపోయి ఉంది. లగ్ వెనక ముఖం ఒక్కటే ఎపాక్సీకి ఆనాలి. ముందు, పక్కల, అడుగున టేపు వేసి ఖాళీ వదలాలి. అడుగు ఆనితే యాక్షన్ (బోల్ట్ ఉండే లోహపు భాగం) లగ్ మీద కూర్చుంటుంది, దాన్ని స్టాక్‌కు పట్టే స్క్రూ బిగించగానే వంగుతుంది. స్క్రూలు కూడా రంధ్రాల గోడలకు తగులుతున్నాయి. అలా తగిలితే రీకాయిల్ దెబ్బ వాటి మీదే పడుతుంది.

కొనేముందే ఈ పరీక్ష చేయించండి. రైఫిల్ ఖాళీ చేసి బోల్ట్ తీసేయండి. డయల్ ఇండికేటర్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) బేస్ బ్యారెల్‌కు పెట్టి, మొనను స్టాక్ ముందు చివర ఆనించండి. ముందు స్క్రూ మెల్లగా వదులు చేయండి, తర్వాత వెనకది. ముల్లు అంగుళంలో వెయ్యోవంతులు రెండు మూడు దాటి కదిలితే బెడ్డింగ్ యాక్షన్‌ను వంచుతున్నట్టే. అమ్మేవాళ్లు స్టాక్ విప్పనివ్వకపోతే బేరం వదిలేయండి.

కాల్చి చూడటం ఫ్యాక్టరీ తూటాలతో, ఒకే లాట్‌తో (ఒకే విడతలో తయారైనవాటితో) మొదలుపెట్టండి. అయిదేసి గుళ్ల గ్రూపులు రెండు చాలు, మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వాలి. సన్న బ్యారెల్ వేడెక్కాక గుళ్లు ఒకే దిక్కుకు జరుగుతూ పోతే, రైఫిల్‌ను బ్యాగ్ మీద ఉంచి బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య కాగితం జరిపి చూడండి. మెత్తటి ప్లాస్టిక్ స్టాక్ బరువుకు వంగి బ్యారెల్‌కు తగులుతుంది. స్కోప్ బేస్ స్క్రూలు కూడా బిగించి చూడండి.

అసలు ప్రమాదం హ్యాండ్‌లోడ్ల దగ్గరే. బెడ్డింగ్ తప్పును పౌడర్ మీదకు నెట్టి, గ్రూప్ కుదరట్లేదని చార్జ్ (పౌడర్ మోతాదు) పెంచుకుంటూ పోతారు. ఈ క్యాలిబర్‌కు గరిష్ఠ పీడనం 64,000 పీఎస్‌ఐ, అక్కడ పొరపాటుకు చోటు లేదు. రైఫిల్‌తో పాటు ఇచ్చే తూటాలు కాల్చకండి. తూటాలు నింపే మాన్యువల్‌లోని స్టార్టింగ్ లోడ్‌తోనే మొదలుపెట్టి అర గ్రెయిన్ (పౌడర్ తూకం) చొప్పున పెంచండి. బుల్లెట్, ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న టోపీ), కేసుల్లో (ఇత్తడి గొట్టాల్లో) ఏది మార్చినా మళ్లీ మొదటికి రావాలి. బోల్ట్ ఎత్తడం బిగుసుగా అనిపించినా, కేసు అడుగున ఎజెక్టర్ (కేసును బయటికి తోసే పిన్ను) గుర్తు మెరిసినా ఆపేయండి, మిగిలినవాటి బుల్లెట్లు లాగేయండి.

బెల్ట్ (అడుగు దగ్గర ఉబికిన పట్టీ) ఉన్న కేసులకు ఇంకో చిక్కుంది. సైజింగ్ డైని (కాల్చిన కేసును తిరిగి కొలతకు నొక్కే అచ్చును) షెల్‌హోల్డర్ (కేసును పట్టే భాగం) దాకా దించి షోల్డర్‌ను (కేసు మెడ కింది వాలును) అతిగా వెనక్కి నెడితే, కేసు బెల్ట్‌కు కాస్త పైన సాగి పలచబడి, కొన్ని సార్లు కాల్చాక అక్కడే తెగుతుంది. షోల్డర్‌ను వెయ్యోవంతులు రెండు జరిపితే చాలు. వంచిన పేపర్ క్లిప్ మొనతో లోపల గీస్తే ఆ పల్లం చేతికి తెలుస్తుంది, తెలిస్తే ఆ కేసు పారేయండి.

హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించండి: అమెరికాలో చెల్లే వేట లైసెన్సు లేకుండా తుపాకీనే కాదు, తూటాను దగ్గరుంచుకోవడం కూడా మామూలుగా ఫెడరల్ నేరమే.