7,20,720: ఏళ్ల తరబడి ట్యూషన్‌లో వాడాక చెబుతున్న మాట

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఇంట్లోనే లెక్కల ట్యూషన్ చెబుతాను. పాలిసెట్ రాసేవాళ్లు, నవోదయకు తయారయ్యేవాళ్లు ఎక్కువగా వస్తారు. కారణాంకాలు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) చెప్పడానికి నేను ఏళ్లుగా వాడుతున్న సంఖ్య 7,20,720. ఇంత పనికొచ్చే పెద్ద సంఖ్య నాకు ఇంకొకటి దొరకలేదు.

1 నుంచి 16 వరకు అన్నిటితోనూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య ఇది. ఎలా వచ్చిందో కనుక్కోమంటే పిల్లలు ముందు పదహారూ గుణించేస్తారు. ఆ లబ్ధం 20 లక్షల కోట్లు దాటిపోతుంది. అన్నీ అక్కర్లేదని, ఒక్కో ప్రధాన సంఖ్యకు పెద్ద ఘాతం ఒక్కటి ఉంటే చాలని తెలిసేది అక్కడే. 16 కోసం నాలుగు 2లు, 9 కోసం రెండు 3లు, ఆపైన 5, 7, 11, 13 ఒక్కొక్కటి. 15 దగ్గర ఆగితే 3,60,360 సరిపోతుంది, 16 వచ్చాక ఇంకో 2 కావాలి. "మాస్టారూ, 14కీ 15కీ ఏమీ కలపక్కర్లేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే క.సా.గు. వంటబట్టినట్టే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 7, 11, 13ల సంగతి. మన పద్ధతిలో కామాలు పెడితే అది కనిపించదు. కామాలు తీసేసి కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడదీయండి: 720, 720. అంటే 720ని 1001తో గుణించినట్టు. 1001 అంటే 7×11×13. ఏ మూడంకెల సంఖ్యను పక్కపక్కన రెండుసార్లు రాసినా ఈ మూడింటితోనూ పోతుందని పిల్లలే తేల్చేస్తారు. నేను చెప్పక్కర్లేదు.

ఘాతాలైన 4, 2, 1, 1, 1, 1లకు ఒకటేసి కలిపి గుణిస్తే 5×3×2×2×2×2, అంటే 240 కారణాంకాలు. దీనికన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలాంటి సంఖ్యలనే రామానుజన్ హైలీ కాంపోజిట్ నంబర్లు అని పిలిచి 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. ఈ మాట చెప్పిన రోజు పిల్లలు ఆ సంఖ్యను చూసే చూపే వేరు. తనను వదిలేసి మిగతా కారణాంకాలు కూడితే 25,29,072, తనకు మూడున్నర రెట్ల పైమాటే. కాబట్టి పరిపూర్ణ సంఖ్య (ఆ మొత్తం సరిగ్గా తనకే సమానమయ్యేది) కాదు. అంకెల మొత్తం 18తో భాగిస్తే సరిగ్గా 40,040 వస్తుంది కనుక గణితవేత్త కాప్రేకర్ చెప్పిన హర్షద్ సంఖ్య (తన అంకెల మొత్తంతో శేషం లేకుండా పోయేది) కూడా. దీని మీద ఎక్కువసేపు ఉండను. పది కాక వేరే ఆధారంతో సంఖ్యను రాస్తే ఆ గుణం పోవచ్చు, 240 మాత్రం మారదు.

ఇబ్బంది ఒకటుంది. ప్రతిదానితోనూ పోతుంటే పిల్లలు శేషం చూడటం మానేస్తారు. అందుకే 17తో భాగించమంటాను, 5 మిగులుతుంది. వెంటనే 7,20,721 ఇస్తాను. 2 నుంచి 16 వరకు దేనితో భాగించినా 1 మిగులుతుంది, ఎందుకో చెప్పమంటాను.

నవోదయకు చదివే ఐదో తరగతి పిల్లలకు మాత్రం ఇది బరువు. వాళ్లకు 2,520 ఇవ్వండి. 1 నుంచి 10 వరకు అన్నిటితోనూ పోతుంది, 48 కారణాంకాలూ కూర్చుని చేత్తో రాసేయొచ్చు.