మేకీ మేకీ: ఆరు గిన్నెల మోహనం, అమ్మ మెట్టెకి ఎర్తు

మేకీ మేకీ అనే ఈ చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుని పిల్లల బొమ్మల వరసలో పెట్టి అమ్ముతారు. నేను కొన్నది మాత్రం ఉద్యోగం కోసం. ఈసీఈ చదివి నాలుగేళ్లు బోర్డులు టెస్ట్ చేసి విసుగెత్తి, మ్యూజియంలకు ముట్టుకుంటే పలికే వస్తువులు చేసే ఒక చిన్న స్టూడియోకి అప్లికేషన్ పెట్టాను. వాళ్లు మార్కులు అడగలేదు. "నీ చేత్తో చేసిందొకటి పట్టుకురా" అన్నారు. గడువు మూడు వారాలు. సెలవు పెట్టి విజయనగరం వచ్చేశాను. అమ్మ ఇంట్లో వీణ పాఠాలు చెబుతుంది. తను చదివింది ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాలలోనే. అంటే ఇంటర్వ్యూ కంటే ముందు ఇంకో పరీక్ష ఉందన్నమాట.

మేకీ మేకీని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ తయారు చేశారు. 2012లో కిక్‌స్టార్టర్‌లో 25 వేల డాలర్లు అడిగితే 5 లక్షల 60 వేలు దాటి వచ్చాయి. అరచేతిలో పట్టే బోర్డు. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్ దీన్ని మామూలు కీబోర్డే అనుకుంటుంది, సాఫ్ట్‌వేర్ ఏమీ ఎక్కించక్కర్లేదు. బోర్డు నుంచి ఒక క్లిప్పు తీగ వస్తువుకీ, ఎర్తు అనే ఇంకో క్లిప్పు తీగ మనిషికీ తగిలిస్తే, ఆ మనిషి వస్తువుని ముట్టుకోగానే కీ నొక్కినట్టు లెక్క. ముందువైపు నాలుగు బాణాలు, స్పేస్, క్లిక్. వెనకవైపు ఇంకో పన్నెండు. అసలు కిటుకు ఒక్కో ఇన్‌పుట్‌కీ ఉన్న 22 మెగా ఓమ్‌ల, అంటే రెండు కోట్ల ఇరవై లక్షల ఓమ్‌ల రెసిస్టర్‌లో ఉంది. దీన్నే పుల్ అప్ అంటారు. ప్రయోగాలకి అందరూ వాడే ఆర్డుయినో బోర్డులో లోపల ఉండే పుల్ అప్ వేల ఓమ్‌లలోనే ఉంటుంది కాబట్టి అరటిపండైనా మనిషి శరీరమైనా దానికి తెగిన తీగతో సమానం. ఇక్కడ పుల్ అప్ అంత పెద్దది కావడంతో, ఒంట్లోంచి పారే ఆ కాస్త కరెంటుకే స్విచ్ పడిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో విడి భాగాలు కొని నేనే చేసుకుందామనుకున్నా. 22 దొరకలేదు, 10 మెగా ఓమ్‌లవి దొరికాయి, చివరికి బోర్డే కొన్నాను.

ముందువైపు ఆరు ఇన్‌పుట్‌లు చూడగానే మోహన రాగం తట్టింది. స రి గ ప ద, పైన స. సరిగ్గా ఆరు. జలతరంగం లాగా గిన్నెల్లో నీళ్లు పోసి, వేలు ముంచితే స్వరం పలికించాలని ఆలోచన. శబ్దం ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్‌లో చేశా, ఉచితం కాబట్టి. అందులో చేసుకునే ప్రోగ్రామ్‌ని ప్యాచ్ అంటారు. అన్ని మెట్లూ సమానంగా ఉండే పియానో లెక్క వద్దనుకుని షడ్జం (స) 240 హెర్ట్జ్ పెట్టుకున్నా. రి 270, గ 300, ప 360, ద 400, పై స 480. అన్నీ గుండు అంకెలే! ధైవతం 400 ఉండాలా 405 ఉండాలా అని అమ్మతో ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. 405 పెట్టాను. ఇంట్లో ఉన్నంతకాలం అదే.

మొదటి రోజు స్టీలు గ్లాసులు వరసగా పెట్టి, కింద తువ్వాలు పరిచాను. పావుగంటకి తువ్వాలు తడిసింది. ఒక గ్లాసు ముట్టుకుంటే ఆరు స్వరాలూ ఒక్కసారి మోగాయి, పక్కింటావిడ తలుపు తీసి చూసేంతగా. తడి గుడ్డ కూడా తీగే కదా. బోర్డులు టెస్ట్ చేసే ఉద్యోగం నాలుగేళ్లు చేసినదానికి ఆ ముక్క ముందు తట్టలేదు. పింగాణీ గిన్నెలకి మారి, క్లిప్పు కొస నీళ్లలోకి వేలాడదీస్తే సర్దుకుంది.

ఎర్తు క్లిప్పు ఎక్కడ పట్టుకోవాలనేది ఇంకో తంటా. ఒక చెయ్యి దానికే పోతుంది. అమ్మ బంగారు గాజుకి తగిలిద్దామంటే క్లిప్పు పళ్లు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. చివరికి కాలి వెండి మెట్టెకి పట్టించాను. రెండు చేతులూ ఖాళీ. ఈ బోర్డుతో నేను చేసిన పనులన్నిట్లో నాకు నచ్చిన డిజైన్ అదే.

చిరాకు పెట్టేవీ చెప్పాలి. కీబోర్డు కాబట్టి వేలు అలాగే ఉంచితే విండోస్ అదే అక్షరం మళ్లీ మళ్లీ పంపుతుంది, షడ్జం నత్తిగా పలుకుతుంది. ప్యాచ్‌లో దాన్ని ఆపుకోవాలి. ఏదైనా అప్‌డేట్ విండో మధ్యలో పైకి వస్తే కీలన్నీ దానికి పోతాయి, సంగీతం బంద్. ఆరో గిన్నె మౌస్ క్లిక్ కాబట్టి కర్సర్ ఎక్కడుందో చూసుకోవాలి. వెనక వైపున్న అక్షరానికి మార్చుకోవడం మేలు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉంటే ఎర్తు పట్టుకోకపోయినా ఒక్కోసారి పలికింది. మా ఇంటి ప్లగ్గులో ఎర్తింగ్ మీదే నా అనుమానం. వాయించేటప్పుడు ఛార్జర్ తీసేస్తున్నా.

అమ్మ ఆరోహణ, అవరోహణ వాయించి, ఇంకోసారి వాయించి, గాంధారం దగ్గర ఆగింది. వేలిని నీళ్లలో పక్కకి లాగింది, వీణ మీద తీగ లాగినట్టు. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది.

"స్వరం పలికింది సరే, గమకం ఏదే?"

గమకమంటే స్వరాన్ని ఊపడం, జార్చడం. అది లేదు. ఉండదు కూడా. ఈ బోర్డుకి తెలిసింది తాకారా లేదా, అంతే. ఎంత మెల్లగా తాకారు, ఎటు జరిపారు అన్నది దానికి పట్టదు. వాయిద్యం చేద్దామని కొనేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. మన సంగీతానికైతే సగం పని మిగిలిపోయినట్టే.

అలాగని పెట్టెలో పెట్టెయ్యలేదు. ఆ సాయంత్రం పాఠానికొచ్చిన పిల్లలు తొమ్మిదిమంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఒక కొసన పిల్లాడి చేతిలో ఎర్తు, రెండో కొసన పిల్ల వేలు పంచమంలో. పలికింది. మధ్యలో ఒకడు చెయ్యి వదిలితే ఆగిపోయింది. ఇక పాఠం సాగితే ఒట్టు. ఎవడు వదులుతున్నాడో పట్టుకోవడమే ఆట అయిపోయింది, ఆ ఆట నేను కనిపెట్టింది కాదు. వస్తువు పెట్టి పక్కకి తప్పుకుంటే మనుషులే దానికి పని కనిపెడతారని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటర్వ్యూలో ప్యాచ్ గురించి అడుగుతారని రాత్రంతా చదివి వెళ్లాను. వాళ్లు పది నిమిషాలు వాయించి, "దీనికి బల్ల ఎత్తెంత? ఆరేళ్ల పిల్లకి చివరి గిన్నె అందుతుందా?" అన్నారు. అందదు. నేను కొలవనే లేదు. అయినా తీసుకున్నారు.

ఇప్పుడక్కడ ట్రిల్ బార్ అనే టచ్ సెన్సర్‌తో పని చేస్తున్నా. వేలు ఎక్కడుందో, ఎంత మేర ఆనిందో అంకెల్లో చెబుతుంది, ఐదు వేళ్లదాకా. పండక్కి తీసుకెళ్తే అమ్మ దాని మీద గాంధారం ఊపింది. "మీటు లేదు కానీ, ఇది కాస్త నయం" అంది.

మేకీ మేకీ ధర అమెరికాలో 50 డాలర్ల అటూ ఇటూ, ఇక్కడికొచ్చేసరికి ఇంకా పైన పడుతుంది. ఇంట్లో పిల్లలుంటే, లేదా ఈ దారిలోకి రావాలని ఉంటే కొనండి. పెట్టెలో వచ్చే క్లిప్పులు ఏడే, ఎర్తుకి ఒకటి పోతే ఆరు మిగులుతాయి. ఇంకో పది విడిగా కొనుక్కోండి. నీళ్లలో ఉంచేవి నెలలోపే తుప్పు పట్టాయి.