షుగరు మందుకు గురి ఎక్కడ? పీపార్-గామానా, గ్లూకోకైనేజా?

పయోగ్లిటాజోన్ మన మందుల షాపుల్లో ఇరవై ఏళ్లకు పైగా దొరుకుతున్న మాత్ర. డోర్జాగ్లియాటిన్‌కు 2022లో చైనాలో అనుమతి వచ్చింది. మొదటిది కొవ్వు కణాన్ని సరిచేయాలని చూస్తే, రెండోది గ్లూకోజును కొలిచే తూనికనే సరిచేయబోతుంది.

పీపార్-గామా కొవ్వు కణాల కేంద్రకంలో ఉండి ఏ జన్యువులు పనిచేయాలో చెప్పే ప్రొటీన్. పయోగ్లిటాజోన్ దాన్ని తట్టి లేపితే రక్తంలోని కొవ్వు ఆమ్లాలు కాలేయాన్ని, కండరాన్ని వదిలి చర్మం కింది కొవ్వులోకి చేరతాయి. అప్పుడు కండరం ఇన్సులిన్ మాట వింటుంది. జన్యువుల మీదుగా సాగే పని కాబట్టి పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. రెండు వారాలకే షుగరు చూసి మోతాదు పెంచితే మిగిలేది కాళ్ల వాపే. ఎందుకంటే ఇదే ప్రొటీన్ కిడ్నీలోనూ ఉంది, అక్కడ ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. ఇన్సులిన్ తోడైతే వాపు ఇంకా ఎక్కువ. గుండె వైఫల్యం ఉన్నవారికి ఇవ్వకూడదు. ఆడవాళ్లలో ఎముకలు విరిగే ముప్పు పెరుగుతుంది. మూత్రాశయ క్యాన్సర్ భయంతో 2013 జూన్‌లో కేంద్రం అమ్మకం ఆపింది. జులైలో హెచ్చరికలతో మళ్లీ అనుమతించింది.

డోర్జాగ్లియాటిన్ గురి గ్లూకోకైనేజ్. గ్లూకోజు ఎంతుందో కొలిచే తూనిక లాంటి ఈ ఎంజైమ్ కాలేయంలోనూ, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోనూ ఉంటుంది. ఆలోచనగా ఇదే అందమైనది, కానీ చరిత్ర అంత బాగోలేదు. ఇదే గురితో ముందు వచ్చిన కొన్ని మందులు తూనికను మరీ సున్నితం చేశాయి: షుగరు తక్కువున్నా ఇన్సులిన్ విడుదలై కళ్లు తిరిగాయి, కాలేయం మిగులు గ్లూకోజును కొవ్వుగా మార్చి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను పెంచింది, కొన్ని నెలలకే ప్రభావం సన్నగిల్లింది. డోర్జాగ్లియాటిన్ 75 మి.గ్రా., ఉదయం, రాత్రి భోజనాలకు ముందు వేస్తారు. 24 వారాల పరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరును చూపే కొలత) 1.07 శాతం పాయింట్లు తగ్గింది, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనే 0.50 తగ్గిందని మరవకూడదు.

పొట్ట, కొవ్వు పట్టిన కాలేయం ఉండి గుండె బాగున్నవారికి నా ఓటు పయోగ్లిటాజోన్ 15 మి.గ్రా.కే. ట్రైగ్లిజరైడ్లే అసలు బాధైతే, పీపార్-ఆల్ఫా, పీపార్-గామా రెండింటినీ తాకే సరోగ్లిటజార్ 4 మి.గ్రా. గురించి డాక్టర్‌ను అడగవచ్చు. బీటా కణాలు అలసిపోయిన బక్కపలచని పాత రోగికి ఈ రెండు దారులూ అంతగా ఉపయోగపడవు, ఇన్సులిన్ కావాలి.

పయోగ్లిటాజోన్ మొదలుపెడితే వారానికోసారి బరువు చూసుకోవాలి. వారంలో రెండు కిలోలు పెరిగి ఆయాసం వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.